రెండో నంబరు పిస్టన్

పది గంటల పది నిమిషాలకు రేవు దగ్గరి పోలీసు షెడ్డులో హెడ్ కానిస్టేబుల్ లక్మే టార్పాలిన్ లాగేసరికి, నెల రోజులుగా దాని కింద కాపురం పెట్టిన బల్లులు రెండూ చెరో దిక్కుకు పారిపోయాయి. గంగారత్నానికి ఆ సౌకర్యం లేదు.

కింద ఉన్నది పడవ ఇంజన్. డీజిల్‌ది, మూడు సిలిండర్లది. దాని డొక్కలో అరచేయి పట్టేంత కన్నం. ఆ కన్నం గురించి ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్ గంగారత్నం ఇదివరకే ఒక రిపోర్టు రాసి ఉంది. ఒకే ఒక్క పేజీ. ‘ఇంజన్ అడుగు నూనెతొట్టిలో తెగిన బోల్టు దొరికింది. పిస్టన్‌ను ఆడించే కనెక్టింగ్ రాడ్ బోల్టు సరిగా బిగించనందువల్ల తెగి, రాడ్ ఊడివచ్చి బ్లాకును చీల్చింది. కారణం మెకానిక్ నిర్లక్ష్యం.’ కింద సంతకం, జూలై ఇరవై.

ఆ ముందురోజు, అంటే పంతొమ్మిదిన, కొంటాకు ఎగువన వరదతో పారుతున్న శబరి నది నడిమధ్యలో ఈ ఇంజన్ ఆగిపోయింది. పడవ కొట్టుకుపోయి బండకు తగిలింది. పదకొండు మంది ఈది బయటపడ్డారు. నందే అనే ఆవిడ సంత బుట్టతో సహా మునిగిపోయింది. గంగారత్నం రిపోర్టు రాసిన మూడోరోజున ఈ ఇంజన్ విప్పి మళ్ళీ కట్టిన మెకానిక్‌ను, బండి అనే అతన్ని, అరెస్టు చేశారు.

ఆ ఇరవయ్యో తారీఖున గంగారత్నం ఇంజన్ దగ్గర గడిపింది నలభై నిమిషాలు. హెడ్, అంటే ఇంజన్ పైమూత, విప్పలేదు. కిరందుల్‌లోని ఇంట్లో ఆడపడుచు దిగి ఉంది, మూడు గంటల బస్సు తప్పితే మర్నాటిదాకా ఇంకోటి లేదు. ఆడపడుచుకు పూర్ణాలు బాగానే కుదిరాయి. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తే నోట్లో తీపి చేదెక్కుతోంది.

తరవాత పోలీసు కాగితాలు తీరిగ్గా చదివితే ఈదినవాళ్ళలో ఒకడు చెప్పిన మాట కనిపించింది: “మూడు రోజుల నించి లోపల ఎవడో సుత్తితోటి కొట్టినట్టు చప్పుడు. వేగం పెంచితెనే. తగ్గిస్తే లేదు.” వదులు బోల్టు అత్తగారి లాంటిది, వేగంతో పనిలేకుండా పూటపూటా సణుగుతూనే ఉంటుంది. వేడెక్కి పరుగెత్తినప్పుడు మాత్రమే సుత్తి దెబ్బ పడిందంటే లోపల కొట్టుకుంటున్నది వేరే ఏదో. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మర్నాడే కోర్టుకు అర్జీ పెట్టింది.

కోర్టువారు ఒక్క అవకాశం ఇచ్చారు. ఇవాళ మధ్యాహ్నం రెండు దాకా. రెండు దాటితే ఇంజన్ యజమాని చేతికి, అక్కణ్ణించి తుక్కులోకి. రేపు పదకొండుకు సుక్మా కోర్టులో బండి మీద ఛార్జిషీటు. అంటే ఆ మనిషికి మిగిలింది మూడు గంటల యాభై నిమిషాలు. అందులో ఒక నిమిషం బల్లులకే పోయింది.

“ఏమమ్మా గంగారత్నం, నీ తీర్పు మీద నువ్వే అప్పీలుకొచ్చావా? కలికాలం!”

గుమ్మంలో రాజేశ్వరరావు. రిటైరైన పోలీసు ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు ప్రైవేటు ఎంక్వైరీలు చేస్తున్నాడు. బావమరిది పేరుతో తుక్కు వ్యాపారం కూడా ఉంది గాని, దాని గురించి అడిగితే సమాజసేవ అంటాడు. ఇవాళ పడవ యజమాని సతీష్ తరఫున వచ్చాడు. సతీష్ ఆయన వెనకాల, నీడ కోసం నిలబడ్డవాడిలా నిలబడ్డాడు.

“తప్పు రాశాననిపిస్తే దిద్దుకోవద్దా అండీ?” అంది గంగారత్నం.

“దిద్దుకో, దిద్దుకో. కానీ దిద్దేకొద్దీ కాగితం చిరుగుతుందమ్మా. చూసుకో.”

షెడ్డు మూల పనిముట్ల సంచీ ముందు పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. బండి భార్య పొజ్జే. గంగారత్నం దగ్గరికి వెళ్ళేసరికి లేవలేదు.

“ఆ కాగితం రాసింది నువ్వేనట గదా అక్కా?”

“నేనే.”

“మంచిగ రాసినవ్. మా ఇంటాయన ఏందో చెప్పబోతే గడియారం చూసినవంట.”

గంగారత్నం చేతి గడియారం విప్పి తన సంచీలో పడేసింది. గోడ మీద పోలీసు వాళ్ళ గడియారం ఉండనే ఉంది.

ముందు సతీష్‌తో మొదలుపెట్టింది.

“బండి ఈ ఇంజన్ కట్టి ఎప్పుడిచ్చాడు?”

“నవంబర్ పన్నెండు, మేడమ్.”

“ఆ తరవాత ఎవరైనా విప్పారా?”

“ఎవరు విప్పుతరు? మూత తియ్యలే. దసరాకి కొబ్బరికాయ కొట్టినం, అంతే.”

“నవంబర్ పన్నెండుకీ జూలై పంతొమ్మిదికీ మధ్య దసరా ఎక్కడొచ్చింది సతీష్?”

సతీష్ రాజేశ్వరరావు వైపు చూశాడు. రాజేశ్వరరావు సీలింగు వైపు చూశాడు.

“అంటే... పోయిన దసరా అనుకున్న.”

పంచనామా పుస్తకంలోంచి లక్మే తల ఎత్తింది. “ఏప్రిల్‌ల మూడు దినాలు పడవ బంద్ ఉండె గదా సతీషన్నా? మా అత్తమ్మ ఇప్పపువ్వు బుట్టలు రేవులనే ఉండిపోయినయ్. నన్ను తిట్టింది, పోలీసువి ఉండి ఏం లాభమని.”

“అది ప్రొపెల్లర్ మార్చినం.”

“ఎవరు మార్చారు?” అంది గంగారత్నం.

“మేమే.”

“బండిని పిలవలేదేం?”

“ఆయనను పిలిస్తే పది దినాలు పడవ ఆపుమంటడు మేడమ్! ప్రతిదీ కొలుస్తడు, మల్ల కొలుస్తడు. సీజన్ అది. జనం ఆగుతరా?”

“ప్రొపెల్లర్‌కి పది రోజుల కొలతలేమిటి?”

“ప్రశ్న అయింది, జవాబు అయింది,” అన్నాడు రాజేశ్వరరావు. “టైము పదీ ముప్పైయైదు. ఇంజన్ చూడమ్మా.”

చూసింది. జూలైలోనే చూడవలసింది ఇప్పుడు చూసింది. హెడ్‌ను బ్లాకుకు పట్టి ఉంచే బోల్టులు పది. ప్రతి బోల్టు తల మీదా సన్నటి గులాబీ రంగు గీత, పక్కనే హెడ్ మీద దానికి జోడీ గీత. జోడీ అన్న మాటే గాని, ఒక్క జతా కలవడం లేదు. ఒకటి తూర్పుకుంటే ఒకటి పడమర.

“ఇదేం రంగు?”

“నా గోళ్లరంగు,” అంది పొజ్జే. “జాతరల కొనుక్కున్న. ఆఖరు బిగింపు అయినంక బోల్టు మీద, హెడ్ మీద కలిపి ఒక్క గీత గీస్తడు. ఎవడన్న విప్పితే గీత తప్పుతది. సీసా మొత్తం ఇంజన్లకే పెట్టిండు. నా గోళ్లకు రెండుసార్లు పెట్టుకున్ననో లేదో.”

లక్మే నవ్వబోయి యూనిఫామ్ గుర్తొచ్చి ఆగింది.

రాజేశ్వరరావు మాత్రం ధారాళంగా నవ్వాడు. “హెడ్ బోల్టులు కొన్నాళ్ళు నడిచాక మళ్ళీ బిగిస్తారమ్మా. నీ కుక్కర్ పిడి వదులైతే బిగించవూ? గీతలు తప్పాయని కేసు పెడితే దేశంలో వంటిళ్ళన్నీ పోలీసు స్టేషన్లే.”

ఆయన అన్నది నిజం. గీతలు చెప్పేది ఎవరో బోల్టు తిప్పారని. విప్పారని కాదు. గంగారత్నం రెంచి అందుకుంది. పొజ్జే ఆమె చేతిలోంచి దాన్ని లాక్కుంది. “నువ్వు విప్పితే సాయంత్రమైతది. జరుగు.”

పదకొండూ ఇరవైకి హెడ్ లేచింది.

ఒకటో పిస్టన్ నెత్తి నల్లగా మసిపట్టి ఉంది. మూడోదీ అంతే. రెండోదాని నెత్తి మీద మాత్రం చంద్రవంకంత మేర మసి లేదు. తోమిన గిన్నె అడుగులా మెరుస్తోంది. హెడ్ తిరగేస్తే సరిగ్గా దానికెదురుగా ఇంకో చంద్రవంక. వందల సార్లు, వేల సార్లు ఒకదాన్నొకటి కొట్టుకున్న చోటు.

సుత్తి దొరికింది.

“ఏంది మేడమ్ ఇది?” అంది లక్మే.

“పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు దాని నెత్తికీ పైన హెడ్‌కీ మధ్య సన్నటి సందు మిగలాలి. తక్కువైతే ఇలా నెత్తి బాదుకుంటుంది. ఎక్కువైతే ఇంజన్‌కి దమ్ము చాలదు. ఒక్కో దెబ్బా రాడ్‌లోంచి కిందికి దిగి బోల్టు మీద పడుతుంది. ఎంత బాగా బిగించిన బోల్టయినా ఎన్నని ఓర్చుకుంటుంది?” నెల క్రితం ఈ మాట రాసి ఉంటే అనుకుంది. 

“ఆ సందు పెట్టాల్సింది ఎవరు? బండే కదా!” రాజేశ్వరరావు చిటిక వేశాడు. “బ్లాకు పైభాగం లేతు షాపులో చెక్కించాడు. చెక్కితే బ్లాకు పొట్టిదవుతుంది, పిస్టన్ ఇంకా పైకొస్తుంది. ఆ లెక్క మరిచాడు. బోల్టు తప్పు కాకపోతే కొలత తప్పు. నిర్లక్ష్యం నిర్లక్ష్యమే. నీ రిపోర్టులో ఒక్క మాట మార్చు, చాలు. నేనే సంతకం పెడతా.”

“మరవలే!” పొజ్జే గొంతు షెడ్డు రేకులకు తగిలింది. “అందుకే గదా పొట్టి రకం రాడ్లు తెప్పించిండు! నేనే ఉన్న పక్కన. ఆయన పిస్టన్ మీద టంకం తీగ ముక్క పెడతడు, హెడ్ బిగిస్తడు, నేను చేత్తోటి ఇంజన్ ఒక్కసారి తిప్పుత. తీగ నలుగుతది. మల్ల విప్పి తీస్తడు. నలిగిన తీగ ఎంత మందమో సందు అంత. మూడిటికి మూడుసార్లు చేసిండు.”

సంచీ అడుగునుంచి ఒక అట్ట తీసింది. గ్యాస్కెట్ వచ్చిన పెట్టెది. దాని మీద మూడు నలిగిన తీగముక్కలు ఎర్రదారంతో కుట్టి ఉన్నాయి. కింద బండి చేతిరాత, తేదీ నవంబర్ పన్నెండు. మూల నల్లనూనెతో పెద్ద బొటనవేలి ముద్ర.

“ఇంజన్ తీసుకపోయేటోడు అట్ట మీద ముద్ర వెయ్యాలె. మా షాపు రివాజు. జాతకం అంటడాయన. గోడ నిండ ఉన్నయ్.”

సతీష్ తన బొటనవేలిని జేబులో దాచుకున్నాడు. చేసిన పనేమిటో తెలిశాక మళ్ళీ బయటికి తీశాడు.

గంగారత్నం మైక్రోమీటరుతో మూడు తీగలూ కొలిచి, ప్రతి అంకె లక్మేకు చూపించింది. మూడూ సున్నా పాయింటు తొంభై అయిదు. అంటే మిల్లీమీటరుకు వెంట్రుకవాసి తక్కువ. మూడు పిస్టన్ల మీదా ఒకటే సందు. మూడూ నలుపుగానే ఉండాలి. రెండోది మాత్రం ఎందుకు మెరిసింది?

జవాబు ఒక్కటే. రెండో రాడ్‌ను తరవాత ఎవరో మార్చారు. అదే కంపెనీలో పొడుగు రకం రాడ్ ఉంటుంది. చూడ్డానికి కవలలు. తేడా మిల్లీమీటరులో ఎనిమిది పదోవంతులు. చేత్తో తిప్పితే తిరుగుతుంది. నెమ్మదిగా నడిపితే నడుస్తుంది. వరదకు ఎదురీదమని వేగం పెంచితే, వేడికి సాగి, మిగిలిన ఆ పిసరు సందూ కరిగిపోతుంది.

“కథ బావుంది,” అన్నాడు రాజేశ్వరరావు. గొంతులో చమత్కారం పలచబడింది. “ముద్ర అట్టకు పడింది, తీగలకు కాదు. తీగలు నిన్న రాత్రి కుట్టి ఉండొచ్చు. దారం ఆడవాళ్ళ చేతిలో పని. ఇక రాడ్ అంటావా, విల్లులా వంగిపోయింది. వంగినదాన్ని కొలిచి ఎనిమిది పదోవంతులు తేలుస్తావా? జడ్జిగారు నవ్వరూ?”

నవ్వుతారు. ఆ సంగతీ నిజమే. గంగారత్నం గోడ గడియారం చూసింది. పన్నెండూ యాభై.

“రాడ్ బయటికి తీద్దాం,” అంది.

“వద్దు,” అన్నాడు రాజేశ్వరరావు. కాస్త తొందరగా అన్నాడు. “అవసరమేముంది? నూనె, బురద...”

ఆమె ఆయన ముఖం చూసింది. తాను ఎప్పుడూ ఏ బురదకూ వెనకాడని మనిషి కాదు గనక, వెనకాడేవాళ్ళను బాగా గుర్తుపట్టగలదు. “లక్మే, కిరసనాయిలు ఉందా?”

ఒంటిగంటా ఇరవైకి రాడ్ బయటికొచ్చింది. పొజ్జే గుడ్డతో తుడిచింది. ఒక పొర నల్లనూనె పోయింది. రెండో పొర పోయింది. మెడ దగ్గర లోహంలో దిగిన చిన్న గుర్తు కనిపించింది. లక్మే దాన్ని వెలుగులోకి తిప్పింది.

“ఇదేందో గుర్రపు నాడా మీద కొమ్ము మొలిచినట్టున్నది. ఏం గుర్తు మేడమ్ ఇది? పంచనామాల ఏం రాయాలె?”

గంగారత్నం రాడ్‌ను తన చేతిలోకి తీసుకుంది.

లక్మే తెలుగు గలగలా మాట్లాడుతుంది. కానీ చదువంతా హిందీలో. పొజ్జే బడికే పోలేదు. సతీష్‌దీ హిందీ చదువే. ఆ షెడ్డులో ఆ గుర్తును చదవగలిగేవాళ్ళు ఇద్దరే. ఒకరు గంగారత్నం. రెండోవాడు రాజేశ్వరరావు.

అది ‘గ’.

కిరందుల్ గని వర్క్‌షాపులో పనిచేసే భర్త పెళ్ళిరోజుకు గంగారత్నానికి చీరకు బదులు చేయించి ఇచ్చిన ఉక్కు పంచ్, సుత్తితో కొడితే లోహంలో అక్షరం దింపేది. ఈ జిల్లాల్లో తెలుగక్షరం పంచ్ ఇంకొకరి దగ్గర లేదు. ప్రమాదంలో పాడైన ఇంజన్లను తుక్కుగా తేల్చినప్పుడు, ఆ భాగాలు మళ్ళీ ఏ ఇంజన్‌లోకీ ఎక్కకుండా, ప్రతిదాని మీదా ఆమె ఆ అక్షరం కొడుతుంది. తరవాత తన ఎదుటే గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేయించాలి. ఆ మేరకు కాగితం మీద సంతకం పెట్టాలి.

జనవరిలో ఘాట్ రోడ్డులో ఒక మినీ టిప్పర్ బోల్తాపడింది. మూడు సిలిండర్ల ఇంజన్. ఫిబ్రవరి మూడున దాని మూడు రాడ్ల మీదా ‘గ’ కొట్టింది. కట్టర్‌లో గ్యాస్ అయిపోయింది. ఇంకో సిలిండర్ వచ్చేసరికి సాయంత్రమవుతుందన్నారు. “నువ్వు వెళ్ళమ్మా, ఎండన పడి ఎంతసేపు కూర్చుంటావు, నేను దగ్గరుండి కోయిస్తాగా,” అన్నాడు తుక్కు కొన్నవాళ్ళ తరఫున వచ్చిన పెద్దమనిషి. ‘నా ఎదుట ధ్వంసం చేయించాను’ అన్న కాగితం మీద ఆమె సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు బస్సు తొందర కూడా లేదు. ఎండ, అంతే.

సాక్షిగా పక్కన సంతకం పెట్టిన పెద్దమనిషి ఇప్పుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“ఫ్యాక్టరీ గుర్తమ్మా అది,” అన్నాడు రాజేశ్వరరావు లక్మేతో, ఎంతో తాపీగా. “కంపెనీవాళ్ళు వేస్తారు. అదే రాసుకో.” తరవాత గంగారత్నం వైపు తిరిగాడు. “అంతేగా గంగారత్నం?”

అబద్ధం ఆయనే ఆడాడు. ఆమె ఆడనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకోవడంలో ఆమెకు ఇదివరకు మంచి అభ్యాసమే ఉంది. లైసెన్సు ఉంటుంది, పరువు ఉంటుంది, ఆడపడుచు మళ్ళీ పండక్కి వస్తుంది.

పొజ్జే ఆమెనే చూస్తోంది. అడగడం లేదు. అడిగి ఒకసారి చూసింది గనక.

“రాయి లక్మే,” అంది గంగారత్నం.  “అది తెలుగు అక్షరం. ‘గ’. ఆ పంచ్ నాది.”

లక్మే పెన్ను ఆగింది.

“ఫిబ్రవరి మూడో తారీఖున ఈ రాడ్ ఒక టిప్పర్ ఇంజన్‌లో ఉంది. నా చేత్తో దీని మీద అక్షరం కొట్టాను. బండి ఈ పడవ ఇంజన్ ఇచ్చింది అంతకు ముందు నవంబర్‌లో. ఆ తేదీ ఎవరు చెప్పారు?”

“సతీషన్నే. ఇగో, రాసుకున్న.”

“ఫిబ్రవరిదాకా టిప్పర్‌లో ఉన్న రాడ్‌ను నవంబర్‌లో బండి ఎలా బిగిస్తాడు? బిగించింది ఏప్రిల్‌లో, ప్రొపెల్లర్ మార్చామన్న మూడు రోజుల్లో. ఇదీ రాయి: దీన్ని నా ఎదుట ధ్వంసం చేశారని నేను సంతకం పెట్టాను. నేను అక్కడ లేను. ఆ సంతకం అబద్ధం.”

“పిచ్చెక్కిందా నీకు?” రాజేశ్వరరావు గొంతు తగ్గించాడు. “లైసెన్సు పోతుంది. కేసవుతుంది. వాడి జైలుగది ఖాళీ చేయించి నువ్వు దిగుతావా?”

“పక్క గది మీకూ ఉంటుంది లెండి. సాక్షి సంతకం ఎవరిదో ఆ కాగితం చూస్తే తెలుస్తుంది.”

రాజేశ్వరరావు జేబులోంచి కారు తాళాలు తీశాడు. లక్మే లేచి గుమ్మానికి అడ్డంగా స్టూలు లాక్కుని దాని మీద కూర్చుని, పంచనామా మోకాలి మీద పెట్టుకుని రాయడం కొనసాగించింది. “ఇంకా సంతకాలు కాలే సర్. బైఠియే, కూసోండి.”

పొజ్జే అట్టను మళ్ళీ సంచీలో పెట్టుకుంది. “ఆయన వస్తడా అక్కా?”

“వస్తాడు.”

“నందే రాదు.” తిట్టినట్టు కాదు, తారీఖు చెప్పినట్టు చెప్పింది.

గంగారత్నం తల వంచుకుంది. వంచుకున్న తలకు చేతిలోని రాడ్ కనిపించింది. ఒక్క రాడ్. పంచ్ కొట్టినప్పుడు సుత్తి దెబ్బలు మూడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నది గుర్తుంది.

“సతీష్, మిగతా రెండు రాడ్లూ ఏవి?”

సతీష్ మళ్ళీ రాజేశ్వరరావు వైపు చూశాడు. 

“ఆ ఇంజన్‌లోవి మూడు. దీంట్లో ఒకటే ఉంది. మిగతా రెండూ ఎక్కడ?”

“చిన్న పడవల,” అన్నాడు. “అది మంచిగనే నడుస్తున్నది మేడమ్. మంచిగనే... మొన్నటి సంది కొద్దిగ చప్పుడు అంతే.”

“ఆ పడవ ఎక్కడుంది?”

“ఇయ్యాల సంత గదా,” అంది లక్మే, పెన్ను వదిలేసి. “ఒంటిగంటన్నరకు రేవు దాటుతది. నిండ జనం.”

గోడ గడియారంలో ఒంటిగంటా ముప్పై ఎనిమిది. రేవు షెడ్డుకు నూరు గజాలు. గంగారత్నం రాడ్ చేతిలో పట్టుకునే పరిగెత్తింది. స్టూలు పక్కకు పడింది. వెనక పొజ్జే, ఆ వెనక లక్మే ఈల ఊదుకుంటూ. గట్టు ఎక్కేసరికి చిన్న పడవ మధ్య నీళ్ళలో ఉంది. వరద దాన్ని పక్కకు లాగుతోంది. దాన్ని నిలబెట్టడానికి నడిపేవాడు వేగం పెంచాడు.

ఇంజన్ మోత పెరిగింది. మోతతో పాటే, నీళ్ళ మీదుగా, ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు మొదలైంది.